ముందున్న మూడు జానలు

నా కాలి వేళ్ళ దగ్గర్నుంచి ఈ కారు ముందు బంపరు దాకా మూడు జానలు. టేపు పెట్టి కొలిచి చెప్పడం లేదు, ముప్ఫై ఏళ్ళుగా వీటి పొట్టల్లో చేతులు పెట్టి బతుకుతున్నవాణ్ణి, కళ్ళు మూసుకుని చెప్పగలను. మూడింట్లో ఒకటిన్నర ఇంజనే తినేస్తుంది, రేడియేటరు ఇంకో నాలుగు వేళ్ళు, మరి మిగిలిందెంత, చెప్పవయ్యా ఖోల్మత్ ఉస్తా, అని పొద్దున్నించీ నన్ను నేనే అడుగుతున్నాను. లెక్క తేలినట్టే ఉంటుంది, మలుపు రాగానే జారిపోతుంది. మలుపు రాగానే అల్లుడు ఎల్బెక్ స్టీరింగు గిర్రున తిప్పుతాడు, నెత్తి మీద తాళ్ళతో కట్టిన చెక్క ఊయల కిర్రుమంటుంది, వెనక సీట్లోంచి నా కూతురు సనోబర్ "మెల్లిగా పోనీ, పిల్లుంది" అంటుంది, దాని ఒళ్ళో నలభై ఒక్క రోజుల పిల్ల నిద్రలోనే చిన్న మూలుగు మూలుగుతుంది, నేను కాళ్ళు వెనక్కి లాక్కుంటాను. ఎక్కడికి లాక్కుంటాను నా మొహం, ఈ అగ్గిపెట్టెలో మోకాళ్ళు ఇప్పటికే గడ్డానికి తగులుతున్నాయి. మా కోకంద్ బజార్లో ఈ చిన్న కారుకి అదే పేరు, అగ్గిపెట్టె. ఊళ్ళో మూడిళ్ళకి ఒకటుంది. అందులోనే పెళ్ళిళ్ళకి వెళ్తారు, అందులోనే పత్తి మూటలు మోస్తారు, అందులోనే కమ్చిక్ కనుమ ఎక్కుతారు, ఇదిగో మేం ఎక్కుతున్నట్టు.

ముందు సీటు పెద్దవాళ్ళది. ఎప్పుడైనా సరే నేను రెండుసార్లు వద్దంటాను, మూడోసారి బతిమాలించుకుని కూర్చుంటాను, అది మర్యాద. ఇవాళ పొద్దున మాత్రం ఎల్బెక్ తలుపు తీసి "రండి మామయ్యా" అనగానే ఒక్క మాట అనకుండా ఎక్కేశాను. వాడు బిత్తరపోయాడు. "ఏంటి నాన్నా, ఇవాళ బెట్టు చెయ్యలేదు?" అని సనోబర్ నవ్వింది. ఏం చెప్పను? ఏదన్నా అయితే ముందు నాకే కావాలని ఎక్కానే తల్లీ, అని చెప్పగలనా? నలభై రోజుల పురుడు గడిచింది, పిల్లనీ తల్లినీ ఊయలతో సహా అంగ్రెన్‌లో అత్తారింట దించాలి, అక్కడ పలావు పొయ్యి మీద ఉంటుంది, వియ్యాలవారి చుట్టాలంతా గుమ్మంలో ఉంటారు. మా ఆవిడ ఇనోయత్ మిగతా ఆడవాళ్ళతో నిన్ననే పెద్ద వ్యానులో వెళ్ళిపోయింది, వ్యానులో పట్టక ఊయల మా నెత్తిన పడింది. వెళ్తూ వెళ్తూ ఇనోయత్ ఏమందంటే, "నువ్వున్నావు, నీ రైలుంది, నాకేం భయం" అంది. ఆ మాట పులుసులో ముల్లులా గొంతులోనే ఉంది, మింగలేను, కక్కలేను.

నా రైలు. దాని సంగతి చెప్పాలి, చెప్పకపోతే నాకే అర్థం కాదు. అగ్గిపెట్టె ముక్కు ఉత్త రేకు, ఎద్దు పొడిచినా లోపలికి పోతుంది. మా డెంటింగ్ షెడ్డుకి వచ్చినవి చూసి చూసి నాకు కడుపు మండేది. ముక్కు నలిగి, బోనెట్ ముడుచుకుని, లైట్లు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ వచ్చేవి. ఇదేం కారయ్యా, దీన్లో పిల్లాపాపల్ని ఎలా ఎక్కిస్తారు అని తిట్టేవాణ్ణి. ఒకసారి అంగ్రెన్ బొగ్గు గనుల పాత సామాన్ల వేలంలో ట్రాలీ రైలు పట్టాలు దొరికాయి, సన్నవి, మనిషి మోయగలిగినవి. ఒకదాన్ని బంపరు వెడల్పున కోసి, బంపరు వెనక కనపడకుండా అడ్డంగా పెట్టి, ఇంజనుకి అటూ ఇటూ వెళ్ళే రెండు రేకు దూలాలకీ కలిపి వెల్డింగు కొట్టాను. ఊగలేదు, కదల్లేదు. గోడకి గుద్దితే గోడ పోయింది. ఊళ్ళో అంతా వచ్చి చూశారు. ఆ రోజు నుంచి నా పేరు రైలు ఉస్తా, అంటే రైలు మేస్త్రీ. "రైలు పెట్టించావా?" అని పెళ్ళికొడుకుని అడిగేవాళ్ళు ఆడపెళ్ళివారు. మూడు వందల పదకొండు కార్లకి పెట్టాను, గొప్ప కోసం గోడ మీద సుద్దతో గీతలు గీసుకుంటూ వచ్చాను, ఇప్పుడా గోడ వైపు చూడ్డం మానేశాను.

గాడుల సంగతి కూడా ఉంది. ఆ రెండు దూలాల మీదా ఫ్యాక్టరీ వాళ్ళు అక్కడక్కడా చిన్న నొక్కులు కొట్టి ఉంచుతారు, వేలు పెడితే తెలుస్తుంది, ఒక్కో దూలానికి రెండేసి. ఎందుకో నాకు ముప్ఫై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగనూ లేదు, ఉస్తాని కదా, అడిగితే చిన్నతనం. దొంగ సచ్చినోళ్ళు రేకు మిగుల్చుకోడానికి అలా నొక్కేశారనుకున్నాను. రైలు పెట్టే ప్రతి కారుకీ ఆ గాడుల్ని వెల్డింగుతో నింపేశాను. నింపి, గ్రైండింగ్ చేసి, చెయ్యి పెట్టి రుద్ది చూసుకునేవాణ్ణి, నున్నగా ఉండేది, ఎంత తృప్తి! సనోబర్ పెళ్ళికి ఎల్బెక్ కారు తెచ్చుకుని రైలు పెట్టించినప్పుడైతే, నా కూతురు ఎక్కే కారు కదా అని, నాలుగు గాడులూ నింపి, దూలాల లోపల కూడా కమ్మీలు దోపాను. ఇంత గట్టి కారు ఈ కనుమ మీద ఇంకోటి లేదు. అదే కార్లో ఇప్పుడు నేనున్నాను, నా వెనక నా కూతురుంది, దాని ఒళ్ళో దాని కూతురుంది.

"మామయ్యా, చూస్తున్నారా ఈ లారీ వాడు దారివ్వడు," అంటాడు ఎల్బెక్. ముందు ఖర్బూజాల లారీ, పక్కలకి రెల్లు చాపలు కట్టి, మీద గడ్డి కప్పి, నిండు గర్భిణిలా నడుస్తోంది. ఎల్బెక్ హారన్ కొట్టి, ఎదురుగా ఏమీ లేదని తల బయట పెట్టి చూసి, సర్రున దాటేస్తాడు. నా కుడికాలు లేని బ్రేకుని నొక్కుతుంది. వాడి బెల్టు భుజం మీంచి దిగి ఒళ్ళో పడుంది, కొక్కెంలో లేదు. పోలీసు కనపడగానే చేత్తో లాగి పట్టుకుంటారు మా వాళ్ళు, నేనూ అంతే, నిన్నటిదాకా అంతే. ఇవాళ నేను కొక్కెంలో పెట్టుకున్నాను. "కొక్కెంలో పెట్టు బాబూ" అన్నాను. "ఏం ఫర్లేదు మామయ్యా, మీ రైలుంది కదా," అన్నాడు. చూశారా, మళ్ళీ అదే. రైలు పెట్టి నేను వీళ్ళకి భయం పోగొట్టాను, భయం పోయాక వీళ్ళు బెల్టు కూడా పెట్టుకోవడం లేదు. మా వీధి తుర్దాలి కూడా పెట్టుకోలేదు. పెట్టుకోలేదు కాబట్టే పోయాడు. కాదా? అదే అయితే, పక్క సీట్లో వాడి పెళ్ళాం కరోమత్ పెట్టుకుంది కదా, ఆవిడకి లోపలెందుకు రక్తం కారింది?

రొట్టెల తుర్దాలి. మా షెడ్డు వీధి చివరే వాడి తందూరు, పన్నెండు రోజుల కిందటి దాకా పొద్దున్నే వాడి రొట్టె వాసనతోనే నాకు తెల్లారేది. రెండొందల ఆరో గీత వాడిది. పత్తి ట్రాలీ రోడ్డు పక్కన దీపం లేకుండా ఆపి ఉందట, పోయి గుద్దాడు. కారుని తాడు కట్టి నా షెడ్డుకే లాక్కొచ్చారు. చూశాను. ఒక లైటు పగిలింది. బంపరు మీద రంగు గీరుకుంది. అంతే! తలుపులు నాలుగూ తెరుచుకుంటున్నాయి, రేడియో పాడుతోంది. నా ఛాతీ ఇంత పొంగింది, అబద్ధమెందుకు, పొంగింది. పక్క షెడ్డు వాళ్ళని పిలిచి మరీ చూపించాను. "చూడండ్రా, పనంటే ఇదీ! ఏడీ తుర్దాలి, ఏడీ వాడు, నాకు రొట్టెలు బాకీ!" అని అరిచాను. వాడి తమ్ముడు నబీజోన్ తాడు విప్పుతున్నవాడు విప్పడం ఆపి నా వైపు చూశాడు. "అన్న పోయాడు ఉస్తా," అన్నాడు. రేడియో పాడుతూనే ఉంది. ఎవరు కట్టేశారో గుర్తులేదు.

చావింటికి వెళ్ళాను. మగవాళ్ళంతా గోడ వారన నిలబడి ఉన్నారు, నబీజోన్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "మీ పని వల్ల కారైనా దక్కింది ఉస్తా, పిల్లలకి ఆధారం మిగిలింది," అన్నాడు. అందరూ నన్ను చూసి తలలూపారు. నేనూ ఊపాను! ఊపానే, ఈ తలకాయే ఊపింది. స్నానం చేయించినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను, ఒంటి మీద గీత లేదట, నిద్రపోతున్నట్టే ఉన్నాడట. కారు మీదా గీత లేదు, మనిషి మీదా గీత లేదు, మరి దెబ్బ ఎక్కడికి పోయింది? అంత దెబ్బ ఎక్కడో ఒక చోట పడాలి కదా? ఈ ప్రశ్న నాకు ఆ గోడ వారనే వచ్చింది, వచ్చి బయటికి పోకుండా బుర్రలో ఈగలా తిరుగుతోంది.

ఆ వారంలోనే లుత్ఫీ మాస్టారి కారు వచ్చింది. రైలు లేని కారు. ఆయన ఎప్పటికప్పుడు వచ్చే నెల పెట్టిస్తానంటూ వాయిదా వేసినవాడు. కాలవ వంతెన దిమ్మెకి గుద్దాడు. ఆ కారుని చూసి నేను మాట్లాడలేదు, దానికి ముక్కే లేదు, ఇంజను ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. పనికిరాని తుక్కు. మాస్టారు మాత్రం పాదానికి సిమెంటు కట్టుతో, చంక కర్రతో, నా షెడ్డులో ఎత్తు పీట మీద కూర్చుని టీ తాగుతూ, "నీ రైలు పెట్టించుకోకపోవడం నా బుద్ధి గడ్డి తినడం ఉస్తా, ఈసారి కారు కొనగానే ముందు నీ దగ్గరికే," అంటున్నాడు. నా కుడి పక్కన తుర్దాలి కారు, కొత్త పెళ్ళికూతురిలా. ఎడమ పక్కన మాస్టారి కారు, నమిలి ఉమ్మేసినట్టు. కుడి కారు మనిషి మట్టిలో ఉన్నాడు, ఎడమ కారు మనిషి నా ముందు చక్కెర తక్కువైందని సణుగుతున్నాడు. మాస్టారు వెళ్ళాక వంగి చూశాను. ఆ రెండు దూలాలూ ఎక్కడ మడతపడ్డాయో తెలుసా? సరిగ్గా గాడుల దగ్గర. నాలుగు గాడులు, నాలుగు మడతలు, ఎవరో కూర్చుని చేత్తో మడిచినట్టు. నేల మీద చతికిలబడ్డాను. అప్పట్నుంచి ఇవాళ్టి దాకా లేవలేదనే చెప్పాలి.

కానీ ఆగండి, తొందరపడకూడదు. మాస్టారు బెల్టు పెట్టుకుంటాడు, తుర్దాలి పెట్టుకోడు. మాస్టారు నలభై స్పీడులో పోతున్నానన్నాడు, తుర్దాలి ఎంతలో పోయాడో ఎవరికి తెలుసు? దిమ్మె వేరు, ట్రాలీ వేరు. ముక్కు మడిస్తే మంచిదంటే మరి కాళ్ళ సంగతేంటి, మాస్టారి పాదం నలగలేదా, ఇంకాస్త మడిస్తే మోకాళ్ళు కూడా నలిగేవి కదా? ఉన్నదే మూడు జానలు, పెద్ద కార్లకైతే ఐదో ఆరో ఉంటాయి, వాళ్ళు మడుచుకున్నా వాళ్ళకి సరిపోతుంది, ఇంతే ఉన్నవాడు ఇందులో ఎంతని మడుస్తాడు? మడవకపోతే గుండె, మడిస్తే కాళ్ళు, ఏది కావాలో ఏరుకో అన్నట్టుంది. అదీ కాదు, ఇంతే ఉన్నప్పుడే దాన్ని గట్టిగా బిగించకుండా వదలాలేమో, ఉన్న కాస్తా మనకోసం నలగాలేమో. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. ఎవర్ని అడగను? అడిగితే, నువ్వే కదయ్యా ఉస్తావి అంటారు.

ఫోను మోగింది. నబీజోన్. ఎల్బెక్ వింటాడేమోనని కిటికీ వైపు తిరిగాను. "ఉస్తా, సలామ్, దారిలో ఉన్నారా? ఏం లేదు, అన్న కారుకి బేరం వచ్చింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. రైలు పెట్టింది నిజంగా ఖోల్మత్ ఉస్తాయేనా అని అడుగుతున్నారు, మీరు ఒక్క మాట చెప్తే ఇవాళే తోలుకుపోతారట." అవతల ఎవరో ఆడపిల్ల నవ్వు వినిపించింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల అలాగే నవ్వుతుంది, సనోబర్ కూడా రెండేళ్ళ కిందట ఈ కారు చుట్టూ తిరుగుతూ అలాగే నవ్వింది. "కొండెక్కుతున్నాం, మాట తెగిపోతోంది, తర్వాత చేస్తా," అన్నాను. తెగిపోలేదు, స్పష్టంగానే ఉంది. నేనే తెంపాను. "ఎవరు మామయ్యా?" "ఎవరో, పనుందట." అబద్ధాలు ఎంత సులువుగా వస్తున్నాయి నాకు, ఇంత సులువుగా వెల్డింగు కూడా రాలేదు మొదట్లో.

పొద్దున్నే చెప్పాల్సింది. ఊయల కడుతున్నప్పుడే. తాడు ముడి బిగిస్తూ అనుకున్నాను, ఇప్పుడు చెప్తా, ఈ ముడి అవగానే చెప్తా. ముడి అయింది. తర్వాత పిల్లకి దిష్టి తీస్తానని పక్కింటి ముసలమ్మ ఎండిన ఇసిరిక్ ఆకుల పొగ వేసింది, పొగలో అందరం దగ్గాం, మిగిలిన కట్ట అద్దానికి వేలాడదీసింది, ఇదిగో నా కళ్ళ ముందు ఊగుతోంది. తర్వాత కారు గుమ్మం దాటింది. మా వాళ్ళలో ఊయల గుమ్మం దాటాక వెనక్కి తిప్పరు, చచ్చినా తిప్పరు, తిప్పితే పిల్లకి అరిష్టం అంటారు. ఇంక చెప్పి ఏం లాభం, వెళ్ళాల్సిందేగా అని నోరు కుట్టేసుకున్నాను. నిజానికి అది సాకు. ఊయల కాదు నాకడ్డం, ఆ గోడ మీద మూడొందల పదకొండు గీతలు. చెప్తే నేనెవర్ని? రైలు తీసేస్తే రైలు ఉస్తాలో ఏం మిగులుతుంది? సిగ్గుపడ్డాను, అంతే. పిల్ల ప్రాణం కన్నా నా పేరు ఎక్కువైంది నాకు, ఈ నాలుగు గంటల సేపు.

ఎల్బెక్ నీళ్ళ కోసం ఓ ఊట దగ్గర రెండు నిమిషాలు ఆపేసరికి దాటొచ్చిన ఖర్బూజాల లారీ మళ్ళీ ముందుకొచ్చింది. ఇప్పుడు దాని వెనకే పోతున్నాం. గడ్డి పరకలు రాలి మా అద్దం మీద పడుతున్నాయి. గడ్డి. మా నాన్న ఈ కనుమ మీంచే ఖర్బూజాలు తోలేవాడు, ఇంతకన్నా గతుకుల దారి అప్పుడు. లారీ అడుగున మోకాలి ఎత్తు గడ్డి వేసేవాడు, కాయకీ కాయకీ మధ్య దూర్చేవాడు. దిగేసరికి ఆ గడ్డి అణిగి పిడకల్లా అయ్యేది, కాయలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే. ఒక ఏడాది మా చిన్నాన్న వెళ్ళాడు. ఆయన తెలివైనవాడు, నాలాగ. కాయలు కదలబట్టే కదా పగులుతున్నాయి అని గడ్డి తీసేసి, పలకలు కొట్టి, మేకులు దిగ్గొట్టి, కాయ కదలకుండా బిగించేశాడు. దింపినప్పుడు చూస్తే ఒక్క పలక ఊడలేదు. కాయల మీద ఒక్క గీత లేదు. చిన్నాన్న మీసం తిప్పాడు. మా నాన్న ఒక కాయ ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల నీళ్ళు. ఇంకోటి ఊపాడు, నీళ్ళు. బండెడు కాయలూ పైకి బంగారం, లోపల గుజ్జు. "గడ్డి ఎందుకు వేస్తాన్రా వెర్రోడా," అని మా నాన్న తిట్టాడు, "కాయలకి బదులు అది నలుగుతుందని వేస్తాను!"

ఒంటి మీద గీత లేదట తుర్దాలికి.

అల్లా. నాకు తెలుసు. పదేళ్ళప్పుడే నాకిది తెలుసు. నా చెవులతో విన్నాను, ఆ నీళ్ళ చప్పుడు నేనూ ఊపి విన్నాను, విని కూడా మూడొందల పదకొండు కార్లలోంచి గడ్డి తీసేసి పలకలు కొట్టాను. మూడొందల పదకొండు లారీల ఖర్బూజాలు కావు, మనుషులు. వెనక పిల్ల కదిలింది, సనోబర్ జోకొడుతోంది, ష్ ష్ అంటోంది. ఎదురుగా సొరంగం నోరు కనపడుతోంది, పక్కన తుపాకీతో కాపలా సిపాయి, లోపల చీకట్లో ఎదురొచ్చే బొగ్గు లారీలు. ఎల్బెక్ లైట్లు వేశాడు.

"ఆపు బాబూ."

"ఇక్కడా? సొరంగం దాటాక టీ తాగుదాం మామయ్యా."

"ఆపమన్నానా లేదా!"

ఆపాడు. కుర్త్ ఉండలమ్మే ఆడవాళ్ళు ఎండబెట్టిన పెరుగుండల సంచులు పట్టుకుని కారు మీద పడ్డారు. "తియ్యటివి, పుల్లటివి, మిరియాలవి, బాలింతకి బలం!" వాళ్ళని తోసుకుని దిగాను. వెనక తలుపు తీశాను. "కళ్ళు తిరుగుతున్నాయా నాన్నా? మొహం సున్నంలా అయింది," అంది సనోబర్. తిరుగుతున్నాయమ్మా, పన్నెండు రోజుల్నించీ తిరుగుతున్నాయి, అని మొదలుపెట్టి అన్నీ చెప్పేశాను, తుర్దాలి కారు, మాస్టారి కారు, గాడులు, గడ్డి, చిన్నాన్న, వరసా పాడూ లేకుండా, ముందుది వెనకా వెనకది ముందూ. కుర్త్ అమ్మేవాళ్ళు కూడా నిలబడి విన్నారు.

ఎల్బెక్ బంపరు వైపు చూశాడు. "అంటే రైలు మంచిది కాదా మామయ్యా?"

"తెలీదు."

"మరి చెడ్డదా?"

"తెలీదయ్యా! తెలిస్తే ఇంటిదగ్గరే చెప్పేవాణ్ణి. తెలీని దాంట్లో వీళ్ళని కూర్చోబెట్టుకుని సొరంగంలోకి రాలేను."

సనోబర్ పిల్లని భుజాన వేసుకుని దిగింది. నా కూతురికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది, వాళ్ళమ్మలాగ. "పన్నెండు రోజుల్నించీ ఈ అనుమానం ఉంది నీకు," అంది. "పొద్దున నేను పిల్లనెత్తుకుని ఎక్కుతుంటే తలుపు పట్టుకుని నిలబడ్డావు నాన్నా. నా గౌను అంచు నలగకుండా సర్ది మరీ వేశావు తలుపు." ఔను, వేశాను. తల వంచుకున్నాను. "దీన్లో మళ్ళీ ఎక్కను," అంది. ఎక్కమని అడగను తల్లీ.

ఖర్బూజాల లారీ అక్కడే నిలిచి ఉంది, డ్రైవరు నీళ్ళు పోస్తున్నాడు రేడియేటరుకి, పెద్ద మీసాల మనిషి. "ఏం పెద్దాయనా, కారు చచ్చిందా?" అని కేకేశాడు. "లేదు తమ్ముడూ, అది బతికే ఉంది, అదే గొడవ," అన్నాను. వాడికేం అర్థమవుతుంది, అయినా నవ్వాడు. అంగ్రెన్ మీదుగానే పోతాడట, క్యాబిన్‌లో ముగ్గురు పడతారట. లారీ మాత్రం మంచిదా? అదీ తెలీదు నాకు, ఏదీ తెలీదు, దాని ముక్కులో నా చేతిపని లేదు, ప్రస్తుతానికి అది చాలు. ఊయల విప్పి కాయల మీద గడ్డిలో పడుకోబెట్టి కట్టాం. "ఊయలతో బయల్దేరినవాళ్ళు మధ్యలో బండి మారడం ఇదే చూడ్డం," అన్నాడు మీసాలాయన. కోడలు ఖర్బూజాల లారీ దిగుతుంటే అంగ్రెన్‌లో వియ్యపురాలి మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను, ఇనోయత్ మొహం ఊహించుకోలేకపోయాను. "మీరూ రండి మామయ్యా, కారు ఇక్కడ వదిలేద్దాం," అన్నాడు ఎల్బెక్. మంచి కుర్రాడు. బెల్టు పెట్టుకోడు గానీ మంచి కుర్రాడు. తాళం చెవులు అడిగి తీసుకున్నాను. సనోబర్ ఎక్కి కూర్చుంది, నా వైపు చూడలేదు, కానీ పిల్ల మొహం మీంచి గుడ్డ కొంచెం పక్కకి లాగి, నాకు కనపడేలా కాసేపు పట్టుకుంది. తర్వాత లారీ సొరంగంలోకి వెళ్ళిపోయింది. గడ్డి పరకలు కాసేపు రోడ్డు మీద దొర్లాయి.

ఫోను తీశాను. నబీజోన్‌కి చేశాను.

"ఆ, ఉస్తా! మీ ఫోను కోసమే చూస్తున్నాం. ఇక్కడే ఉన్నారు వాళ్ళు, టీ తాగుతున్నారు. మీ నోటితో ఒక్క మాట..."

"ఆ కారు అమ్మకు నబీజోన్."

"అదేంటి?"

"అమ్మకు. వాళ్ళని పంపించెయ్. అందులో రైలు పెట్టింది నేనే, గాడులు పూడ్చింది నేనే. అవి నలగాల్సినవి. అవి నలిగితే లోపలివాళ్ళకి దెబ్బ తగ్గుతుంది. నాకు తెలీలేదు. తెలిసి ఉండాల్సింది." ఇంతే చెప్పగలిగాను. కుర్త్ అమ్మే ముసలామె ఒకామె నా మోచెయ్యి పట్టుకుంది, పడిపోతాననుకుందేమో.

అవతల కప్పులు కింద పెట్టిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. నబీజోన్ బయటికి వచ్చాడనుకుంటా, మాట మారింది. "అయితే, ఉస్తా, అది లేకపోతే మా అన్న బతికేవాడా?"

బతికేవాడు అంటే నన్ను ఏం చేసినా తక్కువే. బతికేవాడు కాదు అంటే వాడి మనసుకీ నా మనసుకీ శాంతి. రెండూ నాలిక చివరి దాకా వచ్చాయి. ట్రాలీకి దీపం లేదు, వాడికి బెల్టు లేదు, ఎంత జోరుగా పోయాడో తెలీదు, మూడు జానల్లో ఎంత మడిచేదో, మడిచినా ఎంత ఆపేదో. "తెలీదు నబీజోన్," అన్నాను. "దేవుడి మీద ఒట్టు, తెలీదు."

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "ఆ రోజు మీ చేతులు కళ్ళకద్దుకున్నాను," అన్నాడు. ఔనన్నాను. "ఆసుపత్రిలో వదిన రోజూ ఒకటే అడుగుతోంది ఉస్తా. బండికి ఏమీ కాలేదు కదా, మరి ఆయనకెందుకైంది, అని. నేనేం చెప్పలేక బయటికి వచ్చేస్తున్నాను. మీరే వచ్చి చెప్పండి." పెట్టేశాడు.

అగ్గిపెట్టెలో కూర్చున్నాను, డ్రైవరు సీట్లో. బెల్టు లాగి కొక్కెంలో పెట్టాను, టక్కుమంది. అద్దానికి ఇసిరిక్ కట్ట ఇంకా ఊగుతోంది. ఊయల ముందుకే వెళ్ళింది, వెనక్కి తిరగాల్సింది నేనొక్కణ్ణే, నాకు అరిష్టమైతే కానీ. ముందు కరోమత్ దగ్గరికి, తర్వాత షెడ్డుకి, ఈ కారు రైలే మొదట కోసేస్తాను, తర్వాత గోడ మీద గీతల వరసలో ఒక్కొక్క గుమ్మానికీ వెళ్తాను. కరోమత్‌కి ఏమని మొదలుపెట్టాలో మాత్రం తేలడం లేదు. ఖర్బూజాల దగ్గర్నుంచి చెప్పాలా, గాడుల దగ్గర్నుంచి చెప్పాలా? కారు ముక్కు కోకంద్ వైపు తిప్పి, దారి పొడుగునా ముప్ఫై దాటకుండా దిగడం మొదలుపెట్టాను.